రెండుంబావు చుక్కలు

శుక్రవారం పొద్దటాట.
హనుమకొండ చౌరస్తా దాటి, స్టాండుల బండి పెట్టి,
కటౌట్‌కు పాలు పోసే పోరగాళ్ళ నడుమ నుంచి
లోపలికి పోత.
నా పని ఇరవై రెండు లైన్లు, కొన్ని చుక్కలు.
సాయంత్రం ఆరుకల్లా డెస్కుకు చేరాలె.
ఆ రోజు హీరో ఒక్క గుద్దుకు
పదకొండు మందిని గాలిల నిలబెట్టిండు.
‘భౌతికశాస్త్రం సెలవు పెట్టింది’ అని రాసిన.
రాయనిది ఒకటుంది:
చెల్లె చెయ్యి పట్టినోని ముందు
వాడు చొక్కా చేతులు మడుస్తుంటే
నేనూ కుర్చీల నుంచి లేచిన.
రెండు వేళ్ళు నోట్లె పెట్టుకున్న.
ఈల రాలేదు, అది వేరే సంగతి.
రెండుంబావు ఇచ్చిన.

ఆట ఇడిసినంక యాకమ్మ చీపురుతోని వస్తది.
ఆమె సమీక్ష నేల మీద ఉంటది.
పేలాలు సగం మిగిలినయంటే కథ పట్టుకున్నట్టు.
అన్నీ తిని, పొట్లాన్ని గూడ తాడు లెక్క పేనిన్రంటే
ఏమీ తోచనట్టు.
“గీ వారం సెకండాఫు సాగింది సారూ” అంటది
తెర దిక్కు చూడకుండనే.
ఎట్ల తెలుసంటే
డి వరుసల దొరికిన ఒంటి చెప్పు చూపిస్తది,
చిన్నది, ఎర్ర బకిల్‌ది.
“పిల్ల పండుకున్నది. భుజానేసుకొని పోయిన్రు.”

ఆదివారం కాజీపేటల ఇంకో కొలువు.
రైల్వే హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు దుప్పటి.
పద్నాలుగు మందిమి.
అందుల ఇద్దరు ఫ్యాను కోసం వచ్చినోళ్ళు.
మెషిన్ నడిపే మొగిలి సారు రిటైరైన గార్డు,
ఏ దేశం బొమ్మనైనా
పచ్చజెండ ఊపినట్టే మొదలు పెడతడు.
బొగ్గు బండి పోతుంటే దుప్పటి వణికి
ఎక్కడివో కొండలు
మాతోని పాటు వణుకుతయి.

ఒకసారి యాకమ్మను తోలుకపోయిన.
పేరు నోరు తిరగని మంచుదేశం.
ఒక ముసలామె
చచ్చిపోయిన మొగని కోటు ఉతికి తీగ మీద ఆరేస్తది.
రాత్రికి అది గడ్డకట్టి, చేతులు చాపి
మనిషి లెక్కనే నిలబడతది.
అంతే. తొమ్మిది నిమిషాలు.
మాట లేదు, సంగీతం లేదు.
చీకట్ల నేను రాసుకుంటున్న:
కాలం, శూన్యం, మౌనపు వ్యాకరణం...
కింద ఉరికే ఇంగ్లిషు అక్షరాలు నాకే అందుతలేవు,
యాకమ్మ వాటిని చూడనే లేదు.

బయట చాయ్ తాగుకుంట అన్నది:
“కోటు పిండలే ఆమె, చూసినవా?
నీళ్ళు కారంగనే ఏసింది.
పిండబుద్ధి గాలే.”
గ్లాసు కింద పెట్టి, కొంగుతోని మూతి తుడుసుకొని
“మా ఆయన లుంగీ నేను గూడ...” అని,
ఆగి,
బస్సెప్పుడని అడిగింది.

రాసుకున్నదంత కొట్టేసి
ఆమె మాట ఒక్కటి పెట్టిన.
బోరుమోటార్ల ప్రకటన వచ్చిందని
డెస్కుల కింది ఏడు లైన్లు కోసిన్రు.
ఆ మాట కింది నుంచి మూడోది.
“చుక్కలెన్ని సార్?” ఫోన్ల కొత్త సబెడిటర్ పోరడు.
నీ ఇష్టమన్న.
మూడున్నర ఏసిండు.

మళ్ళ శుక్రవారం.
టికెట్ కిటికీ అంచు మీద
ఎర్ర బకిల్ చెప్పు ఇంకా ఉన్నది,
ఎవలన్న వస్తరని యాకమ్మ పెట్టింది.
లోపల లైట్లు ఆర్పుతున్నరు.
పెన్ను జేబులనే ఉన్నది.
రెండు వేళ్ళు తడి చేసుకొని,
పక్కోడు చూడకముందే,
ఇంకోసారి ఊది చూస్తున్న.