దీపాల లెక్క

ఫిబ్రవరి. మంగళవారం. రాత్రి ఏడున్నర.
మెథడిస్టు చాపెల్ వెనక గదిలో
నాణెం మింగితే గానీ హీటరు వెలగదు.
కుర్చీలు నలభై. వచ్చింది ఏడుగురం.

మినిట్స్ రాసేది నేను, లవ్‌డే పెంగెల్లీని.
ముప్పయ్యొక్కేళ్ళు పోర్త్‌వీన్‌కి ఉత్తరాలు పంచినదాన్ని.
ఏ గుమ్మంలో కుక్క కరుస్తుందో,
ఏ తలుపు వెనక ఎవరు చెవి ఒగ్గి కూచుంటారో
నా కాళ్ళకే తెలుసు.
ఇప్పుడా తలుపుల పక్కన
అరచేతంత తాళంచెవుల పెట్టెలు,
రాతికి కరుచుకున్న ఆల్చిప్పల్లా.
నాలుగంకెలు తెలిసినవాళ్ళకే తెరుచుకుంటాయి.
ఆ నాలుగంకెలు మాకెవరూ చెప్పరు.

కౌన్సిల్ నుంచి జవాబొచ్చింది:
ఇళ్ళ కొరత ఉందనడానికి ఆధారం చూపండి.

ఆధారం రేవు దగ్గర వ్యానులో పడుకుంటోంది.
పేరు టామ్సిన్. వయసు ఇరవై తొమ్మిది.
పగలంతా ఊళ్ళో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తుంది,
తన స్నానానికి ఈతకొలనుకి టిక్కెట్టు కొంటుంది.
ఆధారం జాగో.
పీతల బుట్టలిక్కడ, పెళ్ళాంబిడ్డలు నలభై మైళ్ళ అవతల.

సరే, కాగితమే కావాలన్నారు గనక
టార్చిలైట్లు పట్టుకుని బయల్దేరాం.
చేపలవీధి: ఇరవై ఆరు ఇళ్ళు, నాలుగు దీపాలు.
చాపెల్ మెట్ట: పద్దెనిమిది, మూడు.
నేను పుట్టిన ఇంటికి ఇప్పుడు ‘గవ్వగూడు’ అని పేరు,
ఒక్క రాత్రి అద్దె నా వారం పింఛను.
చీకటి, అని రాశాను.

రేవుగట్టు మీద ఒక కిటికీ దగ్గర తగువొచ్చింది.
వెలుగుందిగా, రాయండి, అంది టామ్సిన్.
అది మనిషి కాదు, టైమరు, అన్నాడు డెంజిల్.
డెంజిల్ మా కోశాధికారి, పడవ ఇంజన్ల మెకానిక్కు,
అనుమానం ఆయన వృత్తి.
వానలో, గోడవార, ఫ్లాస్కు మూత చేతులు మార్చుకుంటూ
నిలబడ్డాం, దొంగల్లా,
మా ఊళ్ళోనే.
పదిగంటలు కొట్టింది. దీపం పోయింది.
ఒక్క సెకను అటూ ఇటూ కాకుండా పోయింది.
కొట్టెయ్యి లవ్‌డే, అన్నాడు. కొట్టేశాను.

మార్చిలో విచారణ. మాట్లాడ్డానికి మూడు నిమిషాలు.
టామ్సిన్‌కి డ్యూటీ, నేనే చదివాను.
ట్రెగోవన్ వాళ్ళ బీడులో పదకొండు ఇళ్ళు,
ఇక్కడి జీతాలకు అందే అద్దెలు.
ఎదుటిపక్షం ఉత్తరాలు యాభై మూడు:
దృశ్యం చెడిపోతుంది,
కొండవాలు అందం పోతుంది.
తపాలా ముద్రలు చూసే అలవాటు ఇంకా పోలేదు నాకు.
యాభై మూడింటిలో ఆరే ఈ ఒడ్డువి.

ఇల్లు కట్టి చూడమంటారు పెద్దలు.
మేమంటున్నది అదే కదా బాబూ,
కట్టనిచ్చి చూడండి.

పదకొండు ఏడయ్యాయి.
ఏడు, ‘తదుపరి సమావేశానికి’ అయ్యాయి.
గెలిచామా అని జాగో అడిగితే
ఓడలేదు, అని చెప్పి టీ పోశాను.

ఏప్రిల్ సమావేశం చివర, ఇతర విషయాలు.
డెంజిల్ లేచాడు. టోపీ తీశాడు.
మా యజమాని ఇల్లు అమ్మేస్తున్నాడు.
మే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.
ఇరవై రెండేళ్ళు, అన్నాడు,
ఎవరో అడిగినట్టు.

హీటరు ఆరిపోయింది. ఎవరూ నాణెం వెయ్యలేదు.
మినిట్స్‌లో ఇదెలా రాయాలో తోచలేదు.
‘కోశాధికారి తెలియజేశారు’ అని రాసి ఆపేశాను.
ఆయన మాత్రం కూచుని, ఎప్పట్లాగే,
టీ డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టాడు:
నాలుగు పౌండ్ల అరవై పెన్నీలు.
డబ్బా మూత బిగించి నా వైపు తోశాడు.

ఇంటికొచ్చి నోటుపుస్తకం తీశాను.
రెండొందల పన్నెండు ఇళ్ళు.
అరవై మూడు దీపాలు.
పెన్సిలుతో రాసిందే.
రబ్బరు సొరుగులోనే ఉంది.
డెంజిల్ది ఇంకా చెరపలేదు.