చెయ్యి అందేంత ఎత్తు

తుఫాను వెళ్ళిన మూడో రోజు.
నైట్‌క్లిఫ్‌లో ఇంకా కరెంటు రాలేదు.
పడ్డ చెట్లను లెక్కపెట్టడం నా పని.
టేపుతో చుట్టుకొలత రాసుకుని
పసుపు సుద్దతో మొద్దు మీద అంకె వేస్తాను.
నూట పదకొండు. నూట పన్నెండు.
వరసగా అన్నీ ఆఫ్రికన్ మహాగనీలే.

ఎప్పుడో, నాకంటే చాలా ముందు,
తొందరగా నీడ కావాలని తెచ్చి నాటారట.
తొందరగానే ఇచ్చాయి.
కొన్ని నెలల వాన, ఆపైన అంతా ఎండ,
గడ్డి అంటుకుని నల్లబడే నేల,
వాటికి ఇదేం కొత్త కాదు.
కొత్తదల్లా పచ్చిక మీద
రోజూ సాయంత్రం గిరగిరా తిరిగే నీళ్ళ గొట్టం.
నీళ్ళు జానెడు లోతులో దొరుకుతుంటే
వేరు ఇంకా కిందికి ఎందుకు పోతుంది?
ఇప్పుడు వేళ్ళన్నీ పళ్ళెంలా లేచి నిలబడ్డాయి,
పచ్చికను దుప్పటిలా పైకి లాక్కుని.

స్టమాటిస్ ముక్కుకు గుడ్డ కట్టుకుని రంపంతో వచ్చాడు.
తెల్లచెక్క దాటి చేవ దాకా కోసి చూపించాడు.
తడిపిన కాచు రంగు.
"దీని పొర ఒకటి కుడికి మెలిపడితే
తర్వాతది ఎడమకి.
ఎటు చిత్రిక పట్టినా ఎదురే, చీరుకుపోతుంది.
ఓపికున్నవాడికే మెరుస్తుంది" అన్నాడు.
తనకు ఓపిక ఉందో లేదో చెప్పలేదు.
రెండు దుంగలు అడిగాడు.

లాది అప్పుడొచ్చింది,
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని.
కట్సినా దగ్గర పల్లె, ఆదివారం పుట్టినందుకు ఆ పేరట.
నూట పన్నెండు మీద అరచెయ్యి ఆనించి
మొదలు నుంచి పంగ దాకా నడిచింది.
"ఎక్కడా కత్తి పడలేదే!"

"మా వైపు మడాచికి
మనిషి చెయ్యి అందేంత ఎత్తున బెరడుండదు.
జ్వరానికి కొంత, కడుపునొప్పికి కొంత,
గుర్రానికి సుస్తీ చేస్తే కొంత.
చెయ్యి అందని చోట
ఎండలు ముదిరాక కాపరులెక్కి మండలు నరుకుతారు, ఆవులకి.
చెట్టును చూస్తే చాలు,
ఆ ఏడు ఊరికి ఎంత జబ్బు చేసిందో తెలుస్తుంది.
ఇక్కడివాళ్ళు ఎంత ఆరోగ్యవంతులో!"
నవ్వింది. ఆ నవ్వులో సగం నిద్ర.

మడాచి అంటే చేదుది అని అర్థమట.
గోటంత ముక్క నోట్లో వేసుకున్నాను.
అమ్మవారు పోసినప్పుడు
ఒళ్ళంతా తిరిగిన రెమ్మల వాసన గొంతులో లేచింది.
నాలుక ముందు గుర్తుపట్టింది.
నేను పుస్తకంలో తర్వాత చూసుకున్నాను:
వేపా, ఇదీ ఒకే కుటుంబం.

ఇక్కడ వేప కలుపుమొక్క.
శుక్రవారాలు వాగు గట్టున
వేప మొలకలకు మందు కొట్టేది నేనే.
ఆ సంగతి లాదికి చెప్పకూడదనుకున్నాను.
చెప్పేశాను.
ఆమె నా చేతుల వంక చూసింది, ఏమీ అనలేదు,
కత్తి ఇమ్మంది.

పొద్దు పొడిచే వైపే కొయ్యాలట.
పడ్డ చెట్టుకు తూర్పేది?
మొద్దు చుట్టూ రెండుసార్లు తిరిగింది.
"నిలబడి ఉన్నప్పుడు దీనికి సముద్రం ఎటు?"
చూపించాను.
దానికి వీపుగా ఉన్న వైపు ఎంచుకుని
బెత్తెడు వెడల్పున ఒక్క పట్టీ తీసి
అన్నం డబ్బాలో పెట్టుకుంది.
తర్వాత వేళ్ళు లేచిన గోతిలో దిగి
గుప్పెడు ఎర్రమట్టి తెచ్చి
కోసిన చోట మెత్తింది.

"చచ్చిపోయింది కదా" అన్నాను.
"చేతులకి ఆ సంగతి ఇంకా తెలీదు" అంది,
గౌనుకు తుడుచుకుంటూ.

మధ్యాహ్నానికి మట్టి ఎండి నెర్రెలిచ్చింది.
నాలుగు వేళ్ళ అచ్చు మాత్రం అలాగే ఉంది.
లోడరు నడిపే కుర్రాడు ఇంజను ఆపి
అదేంటని అడిగాడు.
గాయం అన్నాను.
ఆ దుంగను ఆఖర్న ఎత్తమన్నాను.