తొమ్మిదో పలక

గడ్డి కోసే యంత్రం వెనక చక్రం
నిన్న ట్రైలర్ నేలలోకి దిగబడింది.
విరిగిన చప్పుడేం లేదు,
పాలలో నానిన రొట్టెలోకి వేలు దిగినట్టు
మెత్తగా.

వెర్మాంట్‌లో వాన చెక్కని తొందరపెట్టదు.
ఏళ్లకేళ్లు ఊరుకుని
ఓ బుధవారం పొద్దున వచ్చి లెక్క అడుగుతుంది.

ఇనుప చట్రాన్ని సుత్తితో కొట్టి చూశాను,
ఈ మూల నుంచి ఆ మూల దాకా గంటలా పలికింది,
తోక దగ్గర ఒక్కచోట మాత్రం దగ్గింది.
బతికింది. చెక్క మారిస్తే చాలు.
పన్నెండడుగుల పలకలు, తొమ్మిది.
చేతిలో నూట నలభై డాలర్లు,
అందులో ఇరవై ఇల్డాకి,
ఈ ట్రైలర్ తాలూకు ఆఖరి వాయిదా.

పెద్ద దుకాణంలో మందు పట్టించిన పైన్
పలక ఇరవై ఆరు.
రెండంగుళాలని పేరు, టేపు పెడితే ఒకటిన్నర.
మిగతా అర అంగుళం ఏదయ్యా అంటే
కుర్రాడు నా టేపు వంక చూశాడు,
అబద్ధం అదే ఆడినట్టు.
ప్లైవుడ్ చవకే.
ఒక్క చలికాలం మంచు తాగితే
అంచులు తడిసిన పుస్తకంలా విచ్చుకుంటాయి.
ఓక్ వేస్తే మనవల దాకా ఉంటుందన్నాడు.
నాకు పిల్లలే లేరు,
ధర మాత్రం మనవల దాకా ఉంది.

అందుకని కొండ వెనక ఒవీలా థిబో రంపం మిల్లుకి.
చెవుల్లో దూది, కనుబొమల మీద పొట్టు,
నేను అడగకముందే అన్నాడు: హెమ్లాక్.
"పలక పదమూడు. రెండంటే రెండంగుళాలే.
చీలికలు లేస్తాయి కొరిన్,
గ్లవ్స్ మరిచిపోతే అదే గుర్తు చేస్తుంది."
ఎన్నాళ్లుంటుంది?
"దాని మీద ఆకులు ఊడుస్తావా?"
ఊడుస్తాను.
"అయితే పన్నెండేళ్లు. ఊడవకపోతే ఆరు.
నువ్వు ఊడవ్వు, తొమ్మిదనుకో."

దుంగలో రంపం దిగుతుంటే
పుల్లటి తడి వాసన.
"పచ్చిది కదా, పలకకీ పలకకీ సందు వదలకు,
ఆగస్టు కల్లా అదే వదులుకుంటుంది."
ఎనిమిది వచ్చాయి.
తొమ్మిదోదాని నడుమ
ఉల్లిపొరలా గుండ్రంగా ఓ చీలిక.
ఒవీలా దాన్ని పొయ్యి కట్టెల్లోకి విసిరేశాడు.
"అమ్మితే నీ వెనకే కారు వేసుకుని నేనూ తిరగాలి.
ఇంకో దుంగ సోమవారానికి."
శనివారం నాకు శ్మశానంలో గడ్డి కోత.

ఇంటికొచ్చి పాత నేల విప్పాను.
బోల్టు తలలు ఎప్పుడో తుప్పులో కలిసిపోయాయి,
గ్రైండర్ పెట్టి నిప్పులు రాల్చాల్సి వచ్చింది.
ఏడు పలకలు పారకి ఎత్తితే ముక్కలైపోయాయి.
ఎనిమిదోది చీమలు ఖాళీ చేసి వెళ్లిన ఊరు.
ముందు అంచున ఇనుప పెదవి కింద దాగినది
ఒక్కటే గట్టిగా ఉంది.
తిరగేశాను.

వడ్రంగి పెన్సిల్, లావు అక్షరాలు.
ఇల్డా తమ్ముడిదే అయ్యుండాలి.
ఓక్, పక్కన అంకె, కొట్టివేత.
పైన్, పక్కన అంకె, కొట్టివేత.
హెమ్లాక్ కింద రెండు గీతలు.
ఒకచోట కూడిక తప్పి, దాని మీదే దిద్దుకున్నాడు.
అట్టడుగున ఒకే మాట:
సరిపోవాలి.

మోకాళ్ల మీద కూర్చుని
నేనూ లెక్క వేసుకున్నాను.
పదమూళ్లు ఎనిమిది నూట నాలుగు,
ఇల్డాకి ఇరవై,
మిగిలింది పదహారు.
తొమ్మిదోది కొనుంటే మూడు.
మూడు డాలర్లకి స్క్రూలెవడిస్తాడు?

పాత పలకని దాని చోటే పెట్టాను,
రాత కిందికి, రోడ్డు వైపుకి.
పక్కనున్న కొత్తవాటి కింద ఏమీ రాయలేదు,
రాద్దామనుకునేసరికి బిగించడం అయిపోయింది.

శనివారం శ్మశానం వాలు ఎక్కుతుంటే
ఎనిమిది పలకలూ మూలుగుతూనే ఉన్నాయి.
తొమ్మిదోది ఊరుకుంది.
యంత్రం దింపి, తాడు విప్పి చూసుకుంటే
కుడి అరచేతిలో సన్నటి పేడు.
గ్లవ్స్ ట్రక్కు సీటు మీదే ఉన్నాయి.