నాలుగో అంతస్తు నుంచి గడ్డి దాకా

ముప్పై ఒక్క ఏళ్ళు ట్రామ్ నడిపాను వూచ్ నగరంలో.
పొగమంచులో, పట్టాలు బిగుసుకుపోయే చలిలో,
నిమిషం ఆలస్యమైతే సంజాయిషీ రాసిచ్చిన దాన్ని.
ఇప్పుడు నా వేళలన్నీ
ఒక బెత్తెడు కాళ్ళవాడి చేతిలో ఉన్నాయి.

పేరు గుజిక్. మా మాటలో బొత్తాం అని.
కోటు నుంచి ఊడి దొర్లిపోయిన నల్ల బొత్తాంలా ముక్కు,
ఇంత పొడుగు వెన్ను, నేలను ఊడ్చే చెవులు.
తొమ్మిది వారాల వయసు.
జానెడు పొట్ట, అందులో ఎక్కడ దాస్తాడో అన్ని నీళ్ళు!

మొదటి రాత్రి అట్టపెట్టెలో పడుకోబెట్టాను,
నా పాత యూనిఫాం స్వెటర్ పరిచి
వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టి.
దీపం ఆర్పగానే సన్నగా అందుకున్నాడు,
మలుపులో చక్రం పట్టాని ఒరుసుకునే కూత.
ఆ కూత నాకు కొత్త కాదు. గ్రీజు రాస్తే ఆగేది.
వీడికి ఏం రాయాలి?
మంచం మీంచి చెయ్యి కిందికి వేలాడేశాను.
వేళ్ళ చివర తడి ముక్కు తగిలింది, ఆగింది, నిట్టూర్చింది.
తెల్లారేసరికి ఆ భుజం నాది కాదు.

నిద్ర లేవగానే తీసుకెళ్ళు,
తిన్నాక పది నిమిషాలకి తీసుకెళ్ళు,
ఆటలో హఠాత్తుగా ఆగి నేల వాసన చూశాడా,
ఇక ఆలోచించకు, ఎత్తుకుని పరిగెత్తు అంది
వీణ్ణి నా చేతికిచ్చిన యుస్టినా.
ఫ్రిజ్ మీద పట్టిక అంటించాను, స్టాపులో పెట్టేలాంటిది.
ఐదూ పది: లేవడం. ఐదూ పన్నెండు: మెట్లు.
ఐదూ పదకొండుకే గడప తడిసింది.

డెబ్భై రెండు మెట్లు. లిఫ్టు లేదు.
ఆ పొడుగు వెన్నుతో మెట్లు దిగనివ్వకూడదట.
కోటు లోపల గుండెకి ఆనించుకుని దిగుతాను,
మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి నా మీద చాడీలు చెప్పుకుంటాయి.
మూడో అంతస్తు దగ్గర ఛాతీ వెచ్చబడింది.
ఒక్క క్షణం ప్రేమ అనుకున్నాను.
కాదు.

రెండో అంతస్తులో వలెంటి గారి తలుపు తెరుచుకుంది,
గొలుసు తియ్యకుండా, ముక్కు పట్టేంత.
“బొగుమీవా గారూ, మీ కుక్క రాత్రంతా ఏడ్చింది.”
“అవునండీ” అన్నాను. “నాకూ వినిపించింది.”

కింద జనవరి.
మంచు నాకు పిక్కల దాకా, వాడికి గడ్డం దాకా.
ఒక కాలు ఎత్తాడు. ఇంకోటి ఎత్తాడు.
నాలుగూ ఒకేసారి ఎత్తడం కుదరక
నా వైపు చూశాడు,
దారి మధ్యలో ట్రామ్ ఆగిపోతే ప్రయాణికులు చూసే చూపు.
ఇరవై నిమిషాలు నిలబడ్డాం. ఏమీ లేదు.
పైకి వచ్చి, వంటింటి గచ్చు మీద,
హాయిగా, తీరిగ్గా.

అరవలేదు.
స్టాపు దాటాక గంట కొట్టి ఏం లాభం?
వెనిగర్ నీళ్ళు, పాత గుడ్డ, మళ్ళీ మోకాళ్ళు.
పక్కనే కూర్చుని చూశాడు, నేనేదో
కొత్త ఆట కనిపెట్టినట్టు.

ఇలా పదకొండు రోజులు.

గురువారం చీకటితో దిగితే
చెత్త తొట్ల పక్కన ఎవరో మంచు గీకి పెట్టారు,
నేల కనిపించేదాకా.
బట్టల టబ్బంత జాగా. పసుపు పచ్చగా, నిద్ర చెడినట్టు గడ్డి.
గుమ్మం నుంచి అక్కడి దాకా
నేను జారిపడకుండా ఇసుక చల్లిన బాట.

గుజిక్ వాసన చూశాడు.
చివరి స్టాపులో ట్రామ్ తిరిగినట్టు
చుట్టూ తిరిగి, మళ్ళీ తిరిగి,
వంగి కళ్ళు మూసుకున్నాడు.
గడ్డి మీద ఆవిరి లేచింది.
“మంచివాడివి, మంచివాడివి!” అంటూ నేను,
అరవై ఆరేళ్ళ దాన్ని,
ఇంకా దీపం వెలగని పెరట్లో చేతి తొడుగులతో చప్పట్లు కొట్టాను.
రెండో అంతస్తులో తెర కదిలింది.

ఎక్కుతూ చూశాను, ఆయన తలుపు పక్కన
గోడకి ఆనించిన పార,
దాని కింద చిన్న నీటి మడుగు.
తట్టబోయి ఆగాను. ఐదున్నర కూడా కాలేదు.

ఇంట్లో వాణ్ణి దించి బూట్లు విప్పుతున్నాను.
నా కుడి చెప్పు దగ్గరికి నింపాదిగా నడిచాడు,
మిగిల్చుకున్న కాస్తా అందులో పోసి
తోక ఊపాడు.

వెనిగర్ సీసా అడుగంటింది.
వలెంటి గారి దగ్గర ఉంటుందేమో అడగాలి,
తెల్లారాక.