కంటి మూల

గుదైబియాల మూడో అంతస్తు. ఆగస్టు.
నైట్ డ్యూటీకి పోతూ రాజ్యం
ఫ్రిజ్‌కు చీటీ అంటించి పోయింది:
"పూర్వికి కుడికంట్ల ఒకటి, ఎడమకంట్ల ఒకటి.
ఒక్కటే."

నాలుగేండ్ల పిల్ల, మెల్లకన్ను.
అద్దాల పరీక్షకు ముందు
మూడు రోజులు వేయాలె ఈ చుక్కలు.

రెప్ప కొట్టుకున్నది. పడ్డదో లేదో.
ఇంకోటి వేసిన.
చెంప మీదికి జారింది, అది లెక్కకు రాదనుకున్న.
ఇంకోటి.
ఎడమకంట్ల గూడ అంతే.

అర్ధగంటకు
మొఖం మోదుగుపువ్వు.
ఒళ్లు పెనం, చెమట చుక్క లేదు.
వడదెబ్బ అనుకున్న,
ఈ దేశంల ఏదొచ్చినా ఎండనే అంటం.
ఏసీ పద్దెనిమిదికి తిప్పి తడిబట్ట కప్పిన.
"నాయినా, నాలుక అంటుకుంటుంది" అన్నది.
తాగింది. మళ్లా అడిగింది.
ఆనక గోడ మీది చీమలను ఏరుడు పెట్టింది.
ఒక్కొక్కటి, కాళ్లు విరగకుండ,
లేని చీమలను నా అరచేతిల పోసి
"మూసుకో, పోతయ్" అన్నది.
మూసుకున్న.

ఎద మీద చెవి పెడితే
లోపల కుట్టుమిషన్ ఉరుకుతుంది.
ట్యాక్సీల ఒక చేతిల బిడ్డ,
రెండోది ఇంకా పిడికిలే.

డాక్టర్ బుతైనా సీసాను చూసింది, నన్ను చూసింది.
"ఎన్ని?"
అబద్ధం పండ్లదాకా వచ్చింది.
"ఆరు."
గ్లవ్స్ డబ్బా మీద పెన్నుతోని కన్ను గీసింది,
కంటి మూల నుంచి ముక్కుకు సన్న గొట్టం,
ముక్కు నుంచి గొంతుకు,
ఆడికెల్లి నెత్తురంత.
పదహారేండ్ల సంది ఈ దీవిల పైపులు బిగించినోణ్ణి,
ఏ సింకు నీళ్లు ఏ గోడల దిగుతయో
తట్టి చెప్తా.
నా బిడ్డ కంటికి డ్రైనేజీ ఉన్నదని
ఆ రాత్రి దాకా తెలువది.
"పెద్దోళ్లకు అది చుక్క" అన్నది ఆమె,
పదమూడు కిలోలని రాసిన కాగితం నా దిక్కు తిప్పి.
మిగిలింది చెప్పలే.

తెల్లారేసరికి చీమలు పోయినయ్.
రాజ్యం డ్యూటీ బట్టల మీదనే ఉరికొచ్చింది.
తిట్టలే. తిడితే బాగుండు.

ఇప్పుడు వేరే మందు, బలం తక్కువది.
చుక్క వేసి, కన్ను మూయించి,
ముక్కు పక్కన ఆ మూల
వేలితోని ఒత్తి పడతా.
వాల్వు బంద్.
రెండు నిమిషాలు పూర్వి లెక్కపెడ్తది
కింది ఫ్లాట్ యూసుఫ్ నేర్పిన అరబీల:
వాహిద్, ఇత్నేన్, తలాత...
పది దాటితే రాదు, మళ్లా వాహిద్.

నిన్న నడుమ లెక్క ఆపి
మూసిన కండ్లతోనే అడిగింది:
"నాయినా,
ఆ చీమలను ఎక్కడ పెట్టినవ్?"