అరవై మూడో నిమిషం

ఇటలీలో దానికి ఒక పేరు, జర్మనీలో మరో పేరు,
ఫ్రాన్సు పోస్టరు మీద సినిమాలో ఎక్కడా లేని
ఒక బట్టల్లేని పిల్ల.
మా సోర్‌వాల్‌లో మాత్రం
"మనవాళ్ళ సినిమా" అంటాం.

డెబ్బై నాలుగు, అక్టోబరు.
రోములో డబ్బులైపోయి
కొండల్లో శవాలు చవగ్గా దొరుకుతాయని
రెండు వ్యాన్లేసుకుని వచ్చారు.
మనిషికి మూడు వేల లీరాలు, ఒక పూట సాసేజీ.
పనల్లా, చచ్చినట్టు పడుకోవడం.
"పట్టపగలు పడుకుంటే డబ్బులిస్తారా!"
మా అమ్మ ఆర్మీద
పాలక్యాను ఉన్నచోటే దించేసి బయల్దేరింది.

తెచ్చుకున్న పౌడరు మొదటిరోజే అయిపోతే
పోలెంటా వండే తెల్లపిండి పూశారు ముఖాలకి.
నెత్తురంటే మా అత్త డిర్చె కాచిన రాస్ప్‌బెర్రీ పాకం,
రెండో టేకుకి కందిరీగలు ముసిరాయి.
తాళాలు బాగుచేసే తార్చీజియో,
చర్చి గంట కొట్టే ఎర్మెస్,
కవలలు నోయెమీ, ఒనొరీనా,
మొత్తం నలభై ఒక్కరు,
గోళ్ళలో సొంత పొలం మట్టి.
"లేవండి" అని మైకులో అరిచేవాడు దర్శకుడు.
లేచేవారు.
"మళ్ళీ చావండి."
చచ్చేవారు, గొణుక్కుంటూ, నడుం పట్టుకుని.

నాకప్పుడు ఏడేళ్ళు. శ్మశానం గోడెక్కి చూశాను.
భయమెయ్యలేదు. ఆకలేసింది.

అరవై మూడో నిమిషంలో
ఒక శవం నవ్వుతుంది.
ఆ నవ్వు మీద పారిస్‌లో ఎవరో పుస్తకమే రాశారట,
మృత్యువు బతుకుని వెక్కిరించడమట.
కోడి.
ఫాదరీగారి కోడొచ్చి మా అమ్మ కాలి బొటనవేలు పొడిచింది.
ఇంకో టేకుకి రీలు లేదు.

రెండేళ్ళు నిండకుండానే,
మే ఆరు, రాత్రి తొమ్మిది.
యాభై తొమ్మిది సెకన్లు.
ఒక పాత్ర పేరు చెప్పడానికి చాలదు సినిమాలో అయితే.
ఫుట్‌బాల్ మైదానంలో పడుకోబెట్టారు, వరసగా.
సున్నం రాలి అందరి ముఖాలూ తెల్లగా.
ఈ ఆట నాకు తెలుసు.
ఎక్కడానికి గోడ మిగల్లేదు కనక నేలమీదే కూచున్నాను.
దుప్పట్లు కప్పుతున్న సైనికుడొకడు
"ఎవరికోసం పాపా?" అన్నాడు.
"ఇంకా లేవమనలేదు" అన్నాను.

పెళ్ళి ఫొటోలు, బాప్తిజం ఫొటోలు
పెట్టెలతో సహా పోయాయి.
మిగిలింది ఇదొక్కటే,
తొంభై ఒక్క నిమిషాల చెత్త,
మాటలొక చోట, పెదాలొక చోట.
ఆ మూలుగులు కూడా మావాళ్ళవి కావు,
రోములో ఎవరివో అద్దె మూలుగులు.

ఏటా మే నెల్లో పంచాయితీ హాల్లో
ప్రొజెక్టరు నేనే తిప్పుతాను.
గెంట్ నుంచి, లీప్‌జిగ్ నుంచి
నల్ల టీషర్టుల కుర్రాళ్ళొస్తారు.
నాయిక కెవ్వుమంటే వాళ్ళు చప్పట్లు.
మట్టి చీలి చెయ్యొకటి పైకొస్తుంది.
మా బెంచీల్లో ఒక ముసలాయన లేచి నిలబడతాడు.
"అదిగో, మా నాన్న వాచీ!"
"ఒనొరీనా... ఉహూఁ, నోయెమీ. ఒనొరీనాకి ఎడమ భుజం కాస్త జారుడు."
"ఎర్మెస్ మావయ్యా, పై బొత్తాం పెట్టుకో, చలి."

ఆఖరి రీల్లో హీరో పెట్రోలు పోసి
అందర్నీ తగలబెడతాడట.
అట, ఎందుకంటే ఊళ్ళో ఎవరమూ చూడలేదు.
రీలు మార్చేచోట లైట్లు వేసేస్తాను.

పోయినేడు యోస్ట్ అనే కుర్రాడు లేచి
"క్లైమాక్స్ ఏదండీ?
పన్నెండొందల కిలోమీటర్లు వచ్చాను" అన్నాడు.
ఎవరూ మాట్లాడలేదు.
తార్చీజియో మనవరాలు వాడి చేతిలో పళ్ళెం పెట్టింది.
తిన్నాడు.
కుర్చీలు మడుస్తుంటే దగ్గరకొచ్చి, నెమ్మదిగా,
"ఆ నవ్వినావిడ ఎవరు?"

లైటార్పి వెనక్కి తిప్పాను.
తెర మీద అమ్మ నోరు మూసుకుంది,
ముఖం మీద పిండి సర్దుకుంది.
చూడు, అన్నాను, ముఖం కాదు,
కింద, ఫ్రేము అంచున.
ముక్కు తెరకి ఆనించి వెతుకుతున్నాడు
ఒక ఈక కోసం.