సగం వాక్యం

ఆంట్వెర్ప్‌లో ఆ శనివారం వాన లేదు.
రైలు కట్ట పక్కన చెస్ట్‌నట్ చెట్లు పూశాయి.
మా సినగాగ్‌లో తోరా చదివేది నేనే,
ముప్పై నాలుగేళ్లుగా.
మిగతా వారమంతా వజ్రాలు చూస్తాను,
కంటికి భూతద్దం నొక్కుకుని
వెంట్రుకలో నూరోవంతు నలుసుని పట్టేస్తాను.
గొప్పకి చెప్పడం లేదు.

తోలు చుట్టని ఉత్త చేత్తో తాకం మేము.
అందుకే ఓ వెండి పుల్ల, దాని కొసన
చూపుడువేలు చాచిన చిన్న వెండి చెయ్యి.
చుట్ట జారి నేలమీద పడితే
చూసినవాళ్లంతా ఉపవాసముండాలి.
నలభై రోజులంటారు కొందరు.

యెరహ్మీల్ లేచాడు.
ముప్పై ఒకటి వాడికి. ఊరొదిలి ఎన్నాళ్లో అయింది.
ఎవరిదో అరువు కోటు, భుజాల దగ్గర బిగుతు.
వేదికెక్కి బల్లమీద అరచెయ్యి పెట్టి
"చదువు ఆపుతున్నాను" అన్నాడు.

పాత ఆచారం ఒకటుంది మాకు:
అన్యాయమైపోయి, వినే దిక్కులేనివాడు
తోరా చదువుని ఆపవచ్చు.
వాడి మాట తేలేదాకా అందరి ప్రార్థనా ఆగాలి.
తాతలు చెప్పగా విన్నదే. చూడటం అదే మొదలు.

"తొమ్మిదేళ్లప్పుడు," అన్నాడు,
"శుక్రవారాలు. బడి మెట్ల కింది గది."
తూర్పుగోడ కుర్చీకేసి చూశాడు, అంతే. వేలు చూపలేదు.
రెబ్ గెట్సెల్ గడ్డం నిమురుకుంటున్నాడు.
మా పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన చెయ్యి అది.
బళ్లో వేసిన రోజున
అక్షరాలమీద తేనె రాసి నాకించిన చెయ్యి.

ఇక కేకలు.
సబ్బాతు పూటా ఇది?
పెళ్లికున్న ఆయన మనవరాలి గతేంటి?
బయటివాళ్ల చెవిన పడితే?
చుట్టమీద గుడ్డ కప్పండి, అన్నారెవరో.
కప్పడం మాకు బాగా వచ్చు.

పైన జాలీ వెనక ఆడవాళ్లు.
అక్కడ ఫ్రాదెల్ ఉంది, వాడి తల్లి.
ఇరవై రెండేళ్ల కిందట నా కొట్టుకొచ్చింది.
పిల్లాడు చొక్కా విప్పనివ్వడం లేదు,
నిద్రలో పళ్లు కొరుకుతున్నాడు, అంటూ మొదలుపెట్టి
మొత్తం చెప్పింది.
భూతద్దం కంటినుంచి తియ్యకుండానే విన్నాను.
"నీ జనంలో చాడీలు మోస్తూ తిరగకు
అని కదమ్మా రాసుంది.
కడుపులో పెట్టుకో."
పెట్టుకుంది.
ఆ కడుపుకి తర్వాత రెండుసార్లు కోత పడింది.
దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు డాక్టరు.

ఆ వారం పాఠం అదే.
వెండి వేలు ఆగింది ఆ వాక్యానికి నాలుగు వరుసల పైన.
చుట్టలో చుక్కలుండవు, విరామాలుండవు.
ఎక్కడ ఆగాలో గొంతుకి తెలియాలి.
ఆ వాక్యం అక్కడితో అయిపోదని
నా గొంతుకి ఎప్పుడూ తెలుసు.
'నీ పొరుగువాడి నెత్తురు కారుతుంటే
నిలబడి చూడకు.'
ఒకే వాక్యం. ఒకే ఊపిరి.
ఆమెకి మొదటి సగమే ఇచ్చాను.

గుడ్డ తీసేశాను.
"వాళ్లమ్మ నాకప్పుడే చెప్పింది" అన్నాను.
గొంతు పెగల్లేదు. పక్కనున్న పెద్దకొక్కడికే వినపడింది.
ఏమన్నావు, అన్నాడు.
మళ్లీ అన్నాను.
జాలీ వెనక ఓ కుర్చీ కిర్రుమంది.

సోమవారం పోలీస్ స్టేషన్‌లో
ఫ్లెమిష్ పిల్ల, నా కూతురి ఈడుది, టైపు చేస్తోంది.
గెట్సెల్ పేరు తప్పు కొట్టింది.
ఒక్కో అక్షరం చెప్పాను.
మీకెప్పుడు తెలిసింది, అనడిగింది.
యెరహ్మీల్ కిటికీలోంచి ట్రామ్ కేసి చూస్తున్నాడు.
సంవత్సరం చెప్పాను.
ఆ పిల్ల చేతులు కీబోర్డుమీద ఆగిపోయాయి.
తలెత్తి నన్ను చూసింది,
నేను రాయిని చూసినట్టు.

ఫ్రాదెల్ ఇంటి గంట ఇంకా కొట్టలేదు.
రెండుసార్లు ఆ వీధి చివరిదాకా వెళ్లి వచ్చాను.